పండుగ రొట్టె

చర్చి గుమ్మం ముందు వంటమనిషి ఎల్స్పెత్ గోనెగుడ్డ చుట్టుకుని, వట్టి కాళ్ళతో రాతి మెట్టు మీద నిలబడి ఉంది. సముద్రం మీది గాలి నేరుగా కొడుతోంది. గంట మోగాక ఆమె లోపలికి వెళ్ళి, ఊరందరికీ ఎదురుగా పశ్చాత్తాపం బల్ల మీద కూర్చోవాలి. చేసిన తప్పు, క్రిస్మస్ రొట్టె కాల్చడం. స్కాట్లండు చర్చి ఆ పండుగను రద్దు చేసి తరం దాటింది.

కాల్చమన్నది దొరసాని గ్రిజెల్. ఆకురాలే కాలంలో జ్వరంతో పోయిన ఆమె కొడుకు పాట్రిక్‌కు ఎండుద్రాక్ష వేసిన ఆ రొట్టె అంటే ప్రాణం. ఆ వాసన ఒక్కసారి ఇంట్లో ఉంటే చాలనుకుంది. ఆ వాసనే చర్చి పెద్దను వంటింటిదాకా తెచ్చింది. "ఎవరు చెయ్యమన్నారు?" అని ఆయన అడిగినప్పుడు గ్రిజెల్ పొయ్యి పక్కనే ఉంది. నోరు తెరవడానికి వ్యవధి ఉంది. తెరవలేదు.

"ఒకరు చెప్పాలటండీ? నా నాలుకే చెప్పింది," అంది ఎల్స్పెత్.

ఇవాళ గ్రిజెల్ నిజం చెప్పడానికే వచ్చింది.

ఆమెకంటే ముందు చేపలమ్మే మారియట్ మెట్టు దగ్గర ఆగింది. "ఏం వదినా, ద్రాక్ష బాగా దట్టించావా?"

"నీకో ముక్క పెట్టలేదనేగా నీ ఏడుపు? పో, పోయి ప్రార్థన చేసుకో."

మారియట్ నవ్వుకుంటూ లోపలికి పోయింది. అప్పుడు గ్రిజెల్ మెట్టు దగ్గరికి వచ్చింది.

"ఎల్స్పెత్, పాదిరిగారితో చెప్పేస్తాను. నేనే చెయ్యమన్నానని."

ఎల్స్పెత్ మొహం పాలిపోయింది. "వద్దమ్మగారూ! ఎవరూ చెయ్యమనలేదని విచారణలో బైబిలు మీద చెయ్యేసి చెప్పాను. ఇప్పుడు మీరు నిజం చెబితే దొంగ ప్రమాణం నా నెత్తినేగా పడేది? మీకు జరిమానాతో పోతుంది. నన్ను ఊళ్ళోంచి తరిమేస్తారు."

"మరి నేనేం చెయ్యను?"

"అప్పుడే చెప్పాల్సిందమ్మా." ఆ గొంతులో కోపం లేదు. "పైకెళ్ళి కూర్చోండి. ఇక్కడ చలి."

గంట మోగింది. గ్రిజెల్ చర్చి లోపల తమ కుటుంబం కూర్చునే మేడ ఎక్కింది. కింద పాదిరి ఎల్స్పెత్ తిండియావను ఎండగడుతున్నాడు. ఎవరో కిసుక్కుమన్నారు. గ్రిజెల్ గౌను అంచు కింద బూట్లు విడిచి, మేజోళ్ళు లాగేసి, పాదాలు నేలకు ఆనించింది.

అక్కడ చెక్క నేల. దాని మీద మందపాటి తివాచీ. ప్రసంగం ముగిసేదాకా అలాగే కూర్చున్నా ఆమె పాదాలకు చలి తగల్లేదు.