చక్ కీ

చక్ కీ ఎగిరొచ్చి తగలడంతో కొత్తగా శిక్షణకు వచ్చిన ఓ అమ్మాయి కుడిచేతి వేళ్లు మూడు నలిగిపోయాయి. లేత్ పని నేర్చుకునే రెండో ఏడాది టర్నర్లం మేం గోడ దగ్గర నిలబడి చూశాం.

లేత్ మీద తిరిగే చక్‌లో ఇనుప ముక్కను కీతో బిగించాక ఆ కీని బయటికి తీయాలి; మరిచి స్విచ్ వేస్తే అది ఎగిరొస్తుంది. మా కాలేజీలో కొత్తవాళ్ల పక్కన సీనియర్ నిలబడి "కీ?" అని అడుగుతాడు. "చేతిలో" అన్న జవాబు వచ్చాకే స్విచ్. ఆ రోజు ఎవరం అడగలేదు. ప్రభుత్వ యువ శిక్షణ పథకం పేరుతో మూడు నెలల బ్యాచ్ వచ్చి, మా ఎనిమిది లేత్‌లలో ఆరు తీసుకుంది. కడుపుమంటతో నోరు మూసుకున్నాం.

మర్నాడు ప్రిన్సిపాల్, మాకు లేత్ పని నేర్పే మాస్టారి ముందు కాగితం పెట్టాడు. శిక్షణకు వచ్చిన అమ్మాయి నిర్లక్ష్యమే కారణమని ఉంది.

"సంతకం పెట్టండి మాస్టారూ. పథకం పోతే కాలేజీకి తాళమే."

"ఆ పిల్లకి మొదటి వారం జాగ్రత్తల పాఠం చెప్పనిచ్చారా? వారమంతా పథకం ఫొటోలేగా."

"పదకొండు నెలల్లో రిటైరవుతారు. ఎందుకొచ్చిన గొడవ?"

మాస్టారు కాగితం చింపేశాడు. సాయంత్రానికి సస్పెన్షన్. గేటు లోపల అడుగుపెడితే కేసు.

వరండాలో రెండు బ్యాచ్‌లూ కూర్చున్నాం. దెబ్బ తిన్న అమ్మాయి అక్కది కూడా ఆ మూడు నెలల బ్యాచే.

"మొన్నటిదాకా మమ్మల్ని మూడు నెలల ముచ్చటగాళ్లన్నారు. ఇప్పుడు జాలా?" అందామె.

"అన్నాం అక్కా. తప్పే. కీ అడగకపోవడం అంతకన్నా తప్పు."

"మేం కావాలని వచ్చామా? రాకపోతే భృతి ఆపేస్తామన్నారు."

"మాకు మెషీన్లు లేకుండా చేసిందీ, మీకు పాఠం లేకుండా చేసిందీ ఒక్కరే."

మాస్టారు తిరిగి వచ్చి మొదటి వారం పాఠం చెప్పేదాకా ఒక్క స్విచ్ కూడా వేయొద్దనుకున్నాం.

మూడో రోజు పథకం అధికారులు తనిఖీకి వచ్చారు. ఒక్కో లేత్ ముందు మూడు నెలల వాళ్లొకరు, మావాళ్లొకరు నిలబడ్డారు.

"ఆన్ చెయ్యండి."

ఎవరూ కదల్లేదు.

అప్పుడే, కేసవుతుందని తెలిసీ మాస్టారు గేటు దాటి లోపలికి వచ్చాడు. నాలుగు అడుగులు వేశాడో లేదో, గేటు దగ్గర కాపలా ఉన్న పోలీసులు రెక్క పట్టుకుని వ్యాన్ ఎక్కించారు. మనిషి బాగా అలసిపోయి ఉన్నాడు. వ్యాన్ కిటికీ ఊచల్లోంచి వర్క్‌షాపు వైపు చూశాడు.

"కీ?" అన్నాడు.

ఆ అమ్మాయి కుడిచేతికి కట్టుతో తలుపు దగ్గర నిలబడి ఉంది. పక్క లేత్ ముందున్న వాళ్లక్క తన కీ అందిస్తే ఎడమచేత్తో పైకెత్తింది. లేత్‌ల ముందు మిగతా ఏడు కీలూ పైకి లేచాయి.

"చేతిలో!"