చుక్క వేషంలో ఇంకొకరు

ముఖానికి తెల్లరంగు పూసుకుని, కంటి చుట్టూ నల్ల నక్షత్రం దిద్దుకుని కీబోర్డు వాయించే ఆ అమ్మాయిని అభిమానులు చుక్క అని పిలిచేవారు. ఆ రాక్ బ్యాండును అన్నాచెల్లెళ్లిద్దరూ ఇంటి మేడమీద మొదలుపెట్టారు. పాడేది అన్న. బాణీలు కట్టేదీ, అందరి వేషాలూ కుట్టేదీ చెల్లెలైన ఈ చుక్కే. పేరు మారుమోగుతున్న రోజుల్లో ఆమె జ్వరంతో మంచాన పడింది.

"నువ్వు లేకుండా స్టేజీ ఎక్కుతామా? షో వాయిదా వేశాం. హాయిగా పడుకో," అన్నాడు అన్న ఫోనులో.

కాస్త తేరుకుని డాక్టరు దగ్గరికి బస్సులో వెళ్తుంటే, షో జరగాల్సిన హాలు ముందు బారులు తీరిన జనం కనిపించారు. గబగబా దిగి వెనక గుమ్మంలోంచి లోపలికెళ్లింది. అద్దం ముందు, ఆమె కుట్టుకున్న వెండిరంగు కోటు తొడుక్కుని ఎవరో పిల్ల కూర్చుంది. ఆ పిల్ల కంటికి అన్నే స్వయంగా నక్షత్రం దిద్దుతున్నాడు.

"ఎవరన్నయ్యా ఈ అమ్మాయి?"

"నీకు ఒంట్లో బాగోలేదు కదమ్మా. అయినా రంగేస్తే ఎవరైనా ఒకటే. జనానికి తేడా తెలీదు."

"జనానికి సరే. నీకు?"

అతను తల తిప్పుకుని కుంచె రంగులో ముంచాడు.

ఆమె వెళ్లి హాల్లో ఆఖరి వరస వెనక నిలబడింది. తను కట్టిన పాటకి జనం ఊగిపోతున్నారు.

"చుక్క ఇవాళ అదరగొట్టేస్తోంది కదండీ!" అంది పక్కనున్న అమ్మాయి.

పాట సగంలో ఉండగానే ఆమె బయటికొచ్చేసింది. ఆ తర్వాత అన్న ఎన్నిసార్లు కబురు పెట్టినా, ఆ బ్యాండుకి మళ్లీ ఒక్క బాణీ కూడా కట్టలేదు.