ఆఖరి క్యాను చీకటి

“ఈ దీపాల వెలుగు రోడ్డు మీదే పడుతుంది. ఏ ఇంట్లోకీ రాదు.”

కొత్త దీపాలు పెట్టిన రోజు స్తంభానికి కట్టిన బోర్డు మీద రాసిన మాట ఇది. ఆ సాయంత్రమే వెలుగు వీధిలో ప్రతి కిటికీలోంచీ దూరి మంచాలెక్కింది. స్తంభం పక్కనున్న మురుగుకాలవ మాత్రం ఎప్పట్లాగే కనబడలేదు.

బొంతలు కుట్టే పిన్నికి అది పెద్ద దెబ్బ. రోజూ పొద్దుగూకే వేళ మెట్ల కింద పేరుకున్న చీకటిని గిన్నెతో తోడి, స్టీలు క్యాన్లలో పోసి మూత బిగించేది. పంచదార ఇచ్చినట్టు అడిగినవాళ్లందరికీ ఇచ్చేది.

“పిన్నీ, పిల్ల పడుకోవట్లేదు. అరగ్లాసు చీకటి పొయ్యవా?”

“నిన్న పట్టుకెళ్లిన గ్లాసేదే? అదీ మీ ఇంట్లో పడుకుండిపోయిందా?”

ఇప్పుడు మెట్ల కింద పడిన సూది కూడా కనిపించేంత వెలుగు. తోడడానికేం లేదు. క్యాన్లన్నీ ఖాళీ అయిపోయి ఒక్కటి మిగిలింది. దాన్ని పిన్ని తమ్ముడి కోసం దాచింది. అతను తెల్లవారుజాము బస్సు డ్రైవరు. కిటికీకి దుప్పటి కడితే ఉక్క, విప్పితే వెలుగు. ఒకసారి స్టీరింగ్ మీద కునికాడు. మళ్లీ కునికితే ఉద్యోగం ఉండదని డిపోలో చెప్పేశారు. నెలాఖరుకి పగటి డ్యూటీ ఇస్తామన్నారు. రోజుకో గిన్నె చొప్పున క్యాను అప్పటిదాకా సరిపోతుంది.

ఆ వీధి కుర్రాడొకడు దీపాల మీద ఫిర్యాదు రాసి, ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించడం మొదలెట్టాడు. పుస్తకాల్లో మాటలే మాట్లాడతాడని అందరూ వాణ్ణి నినాదం అంటారు.

“మౌనం కూడా నేరమే! ఐక్యతే మన ఆయుధం!” అన్నాడు గుమ్మంలోనే.

“ముందు ఆ చెప్పులు విప్పరా నినాదం,” అంది మూలింటి నర్సు. “దీపాలు తీసేసేట్టయితే నేను సంతకం పెట్టను. ఆ కాలవలో పడి కాలు విరగ్గొట్టుకున్నదాన్ని.”

“తియ్యమనట్లేదక్కా. తలలు కిందికి వంచి, పైన గొడుగులు పెట్టమంటున్నాం. అప్పుడు కాలవా కనబడుతుంది.”

ఆవిడతో కలిపి రెండువందల పదకొండు సంతకాలయ్యాయి.

ఫిర్యాదు అందాక దీపాలు పెట్టించిన ఆఫీసు నుంచి అధికారి తనిఖీకి వచ్చాడు, మధ్యాహ్నం మూడింటికి, మండుటెండలో.

“ఏదీ, ఇబ్బందేం కనబడట్లేదే?”

“చీకటి పడ్డాక రావాలి సార్.”

“అప్పటికి ఆఫీసుండదు బాబూ. ఇబ్బంది లేదని రాసేస్తున్నా.”

నినాదం పిన్ని ఇంట్లోకి పరిగెత్తాడు. “పిన్నీ, ఆ క్యానివ్వు.”

“అది వాడి నిద్రరా.”

“ఒక్కడి నిద్రా, వీధి నిద్రా? అందరి కోసం ఒకరు వదులుకోవాలి పిన్నీ!”

తమ్ముడు ఇంట్లో లేడు. అతన్నెవరూ అడగలేదు.

పిన్ని వీధి మధ్యన క్యాను వంచింది. నల్లగా, చల్లగా చీకటి పరుచుకుంది. పొద్దుపోయిందనుకుని దీపాలన్నీ వెలిగాయి. కిటికీలు భగ్గుమన్నాయి. అధికారి కళ్లు చికిలించి ఓ అడుగు వెనక్కి వేసి, మోకాలిదాకా కాలవలో దిగబడ్డాడు. పైకి లాగాక, తడిసిన కాగితం మీదే రాశాడు: “ఫిర్యాదు నిజం. పదిహేను రోజుల్లో సరిచేస్తాం.”

వీధంతా చప్పట్లు. పిన్ని మాత్రం గిన్నె పట్టుకుని గోడల వారగా వెతికింది. ఎండ అప్పటికే అంతా తాగేసింది.

నాలుగో రోజు తెల్లవారుతుండగా బస్సు డిపో గేటును గుద్దింది. ఎవరికీ ఏం కాలేదు. డ్రైవరు యూనిఫాం మాత్రం తీసేసుకున్నారు.

నినాదం వెళ్లేసరికి పిన్ని తమ్ముడు మెట్ల మీద కూర్చునున్నాడు.

“చప్పట్లు బాగా కొట్టారటగా?” అన్నాడు. “నన్నడిగుంటే ఇచ్చేవాణ్ణిరా.”

నినాదం చెప్పులు విప్పి, కింది మెట్టు మీద కూర్చున్నాడు.

పదిహేను రోజులు దాటాయి. దీపాల తలలు వంగలేదు. నినాదం అధికారికి మళ్లీ ఉత్తరం రాశాడు. అందులో ఐక్యత లేదు, ఆయుధం లేదు.

“డ్రైవరును నిద్రపోనివ్వనిది మీ దీపం. అతని చీకటిని అడక్కుండా తీసుకున్నది నేను. తప్పు అతనిది కాదని డిపోకు రాసిన కాగితం దీనితో జత చేశాను. కింద నా సంతకం ఉంది. పక్కన మీ సంతకానికి చోటు వదిలాను. జూన్ పన్నెండో తేదీలోగా జవాబు కావాలి.”