రబ్బరు చెవుల బుర్రయ్య

నేను ఒక తలను. మెడ కింద ఇనప స్టాండు, మెడ పైన ఫైబరు పుర్రె, దాని లోపల గాలి. మనుషుల్లోనూ ఇలాంటివాళ్లు ఉంటారని విన్నాను గానీ, నా విషయంలో అది డ్రాయింగులోనే రాసి ఉంది.

హైదరాబాదు శివార్లలో, సైన్యానికి ఎలక్ట్రానిక్ పరికరాలు చేసే ఒక కంపెనీ పరిశోధన విభాగంలో పుట్టాను. రెండు వందల మంది జవాన్ల తలలు టేపుతో కొలిచి, కూడి, భాగించి, వచ్చిన సగటుకు నన్ను పోతపోశారు. ఆ లెక్కన నేను రెండు వందల మందిలాగా ఉండాలి. తీరా చూస్తే ఒక్కడిలాగా కూడా లేను. రెండు పక్కలా మెత్తని రబ్బరు చెవులు, ఒక్కో చెవిలో ఒక మైకు, నోట్లో చిన్న స్పీకరు. కళ్లు నాకు అవసరం లేదు. అయినా పెయింటరు చేతిలో రంగు మిగిలిందని కళ్లు వేశాడు, ఇంకా మిగిలిందని మీసం కూడా దిద్దాడు. ఉన్నదంతా బుర్రే కనక అందరూ బుర్రయ్య అన్నారు.

నా ఉద్యోగం తేలిక. నా నెత్తిన హెడ్‌సెట్టు పెట్టి, చుట్టూ పెద్ద స్పీకర్లలో ఇంజను రొద మోగిస్తారు. నా చెవి దాకా ఎంత వచ్చిందో యంత్రం కొలిచి గీత గీస్తుంది. కొలిచేది యంత్రం, గీసేది యంత్రం, మెప్పు నాది. "బుర్రయ్య పాస్ చేశాడు" అనేవారు. చాలామంది ఉద్యోగాలు ఇలాగే నడుస్తాయని తర్వాత తెలిసింది.

నన్ను చేయించింది బొల్లోజు వీరబ్రహ్మం గారు. జనగామ దగ్గర వడ్రంగుల ఇంట్లో పుట్టి, ఇంజనీరింగు చదివి, ముప్ఫై ఏళ్లు నిండకుండానే ఈ శబ్దాల ప్రయోగశాలలో చేరారు. యంత్రం గీసే గీతంటే ఆయనకు గౌరవమే గానీ నమ్మకం తక్కువ. నా పరీక్ష అయ్యాక అదే హెడ్‌సెట్టు తన చెవులకు పెట్టుకుని, కళ్లు మూసుకుని వినేవారు. "కుడి పక్క కొంచెం గరగర ఉంది, విప్పి చూడండి" అనేవారు. విప్పితే అక్కడ వెంట్రుకంత తీగ వదులై ఉండేది. పాతికేళ్లలో అదొక ఆనవాయితీ అయిపోయింది. ఏ హెడ్‌సెట్టు గేటు దాటాలన్నా పైవాళ్లు అడిగేది ఒకటే మాట: "బ్రహ్మం గారు విన్నారా?" నేను విన్నానా అని ఎవరూ అడగలేదు. నాకది కొంచెం కష్టంగానే ఉండేది.

ఆయనకు యాభై ఆరు వచ్చిన ఏడాది, ట్యాంకుల్లో పనిచేసే జవాన్ల కోసం కొత్త హెడ్‌సెట్టు తయారైంది. ట్యాంకు లోపల పక్కవాడు అరిచినా వినపడదు. ఉన్న ఆధారమంతా చెవిలో పలికే ఆ మాటే. ఇంజను రొదను కోసేసి మాటను మాత్రం వదిలే వడపోత ఒకటి నాలుగేళ్లు కష్టపడి చేశారు. నా మీద పెట్టారు. పాస్. తర్వాత ఆరుగురు కుర్ర ఇంజనీర్లను గోడల నిండా స్పాంజి అతికించిన నిశ్శబ్దపు గదిలో కూర్చోబెట్టి, రొద మధ్య హిందీలో వంద మాటలు వినిపించి, విన్నది రాయమన్నారు. ఒక్కొక్కరికీ తొంభై అయిదుకు పైనే వచ్చాయి. బ్రహ్మం గారు సంతకం పెట్టారు. స్వీట్లు పంచారు. నా నోట్లో కూడా ఎవరో ఒక ముక్క పెట్టబోయారు. స్పీకరు పాడవుతుందని తస్లీమా ఆపింది.

తస్లీమా అంటే ఆయన కింద పనిచేసే ఇంజనీరు. కర్నూలు అమ్మాయి. మాట తక్కువ, చూపు ఎక్కువ.

ఎడారిలో పరీక్షకు వెళ్లిన హెడ్‌సెట్లు మూడు నెలల్లో తిరిగొచ్చాయి. వెంట ఒక కాగితం: మాట వినపడుతోంది, అర్థం కావడం లేదు. మళ్లీ నా నెత్తిన పెట్టారు. మళ్లీ పాస్. తిరిగి పంపారు. మళ్లీ వచ్చాయి. జనరల్ మేనేజరు గోటేటి భాస్కరరామం గారు ల్యాబుకు వచ్చి, "వాళ్లు సరిగ్గా పెట్టుకోవడం లేదేమో. పెట్టుకునే విధానం బొమ్మలు గీసి పంపండి" అన్నారు. నేను మనసులో అవునంటే అవునన్నాను. నా చెవులు తప్పు చెప్పవని అప్పట్లో నాకు గట్టి అభిప్రాయం. బొమ్మల్లో మోడలుగా నన్నే గీశారు కూడా.

ఈ గొడవలో వినేవాళ్ల పరీక్ష ఇంకోసారి పెట్టారు. ఆ రోజు ఒక కుర్రాడికి జ్వరం. "నేను కూర్చుంటాలే" అన్నారు బ్రహ్మం గారు. నా నోట్లోంచే మాటలు పలికించి, హెడ్‌సెట్ల ద్వారా వాళ్ల చెవులకు పంపారు. ఆరుగురూ రాశారు. తస్లీమా కాగితాలు దిద్దుతూ ఒక దాని దగ్గర ఆగిపోయింది. రెండోసారి లెక్క పెట్టింది. అందరూ వెళ్లేదాకా ఉండి ఆయన ముందు పెట్టింది.

"సార్, ఇవాళ మీకు ఒంట్లో బాగోలేదా?"

అరవై ఒకటి. 'సాత్' అన్నచోటల్లా ఆయన 'ఆఠ్' అని రాశారు. ఏడు కాస్తా ఎనిమిదైంది. నా నోట్లోంచి 'స' బయల్దేరింది గానీ ఆయన చెవికి చేరలేదు.

"ధ్యాస ఎటో పోయిందమ్మా" అన్నారాయన. ఆమె తలూపింది. పట్టికలో ఆయన పేరు పక్కన గడి ఖాళీగా వదిలేసింది.

ఆ మధ్యాహ్నం ఆయన స్పాంజి గది తలుపు వేసుకుని, చెవులు పరీక్షించే యంత్రం తెచ్చుకుని నా ఎదురుగా కూర్చున్నారు. సన్నని ఈల లాంటి ధ్వనులు ఒక్కొక్కటే వస్తాయి. వినపడితే మీట నొక్కాలి. మొదట్లో బాగానే నొక్కారు. ధ్వని సన్నబడేకొద్దీ ఆయన వేలు ఆలస్యమైంది. తర్వాత అసలు కదల్లేదు. నాకు అన్నీ వినపడుతున్నాయి. సాయం చేయడానికి నాకు వేలు లేదు.

యంత్రం ఆపేసి నాతో అన్నారు: "మా వీధిలో పిచ్చుకలు పోయాయనుకున్నానురా బుర్రయ్యా. సెల్ టవర్ల వల్లేనని అందరితోనూ వాదించాను. మా ఆవిడ, ఉన్నాయి కదా అంటే వేళాకోళం అనుకున్నాను."

ఆ పరీక్ష కాగితం మడిచి సొరుగులో పెట్టి తాళం వేశారు. పది రోజులు తీయలేదు. ఆయన భయం నాకు తెలుసు. వినడమే ఆయన పని. ఆ చెవులు పనికిరావంటే ఈ మధ్య ఆయన సంతకం పెట్టిన రిపోర్టులన్నీ మళ్లీ విప్పాలి. మూడేళ్ల సర్వీసు మిగిలి ఉంది. ఎక్కడో రికార్డుల గదిలో కూర్చోబెడతారు. ఆ పది రోజులూ కొత్త పరీక్షలు వస్తే, "ముందు తస్లీమాని వినమనండి" అనేవారు. ఆమె వినేది, ఏమీ అడిగేది కాదు.

పదకొండో రోజు హవల్దారు రొంగలి అప్పలస్వామి వచ్చాడు. విజయనగరం జిల్లా మనిషి. పద్దెనిమిదేళ్లుగా ట్యాంకులోనే. హెడ్‌సెట్లు తిప్పి పంపిన దళం తరఫున, ఇబ్బంది ఏమిటో నోటితో చెప్పి రమ్మని పంపారు. నన్ను చూసి ఒక క్షణం సర్దుకుని నిలబడ్డాడు. మీసం చూసి ఎవరో పెద్ద ఆఫీసరనుకున్నాడట. నా జీవితంలో నాకు దొరికిన సెల్యూట్ అదొక్కటే, అది కూడా సగంలో ఆగిపోయింది.

"సార్, మాట ఇనబడతంది. ఏటన్నాడో తెలట్లేదు" అన్నాడు. "ఎడం పక్కకి ఏడంటే నాను ఫిరంగి గొట్టం ఎనిమిది తిప్పినాను. మా సాబు తిట్టినాడు. ఆ పొద్దు ఉత్త ప్రాక్టీసు గనక సరిపోయింది."

బ్రహ్మం గారు అతన్ని స్పాంజి గదిలోకి తీసుకెళ్లి అవే వంద మాటలు వినిపించారు. యాభై ఎనిమిది. సొరుగు తాళం తీసి తన కాగితం పక్కన పెట్టారు. రెండు కాగితాల్లోనూ తప్పులు దాదాపు ఒక్కచోటే ఉన్నాయి. ఒకడు తప్పు రాస్తే పక్కవాడు చూసి రాసినట్టు.

తస్లీమా అప్పుడు నోరు తెరిచింది. "సార్, మన వడపోత రొదతోపాటు 'స' లాంటి సన్నని ధ్వనుల్ని కూడా కొంచెం కోస్తోంది. కుర్రవాళ్ల చెవులకు మిగిలింది చాలు. ఏళ్ల తరబడి రొదలో ఉన్న చెవులకు చాలదు. బుర్రయ్యవి రబ్బరు చెవులు. ఎప్పటికీ ఇరవై ఏళ్లే."

నేను ఆ మాటకు సిగ్గుపడ్డాను. ఇన్నాళ్లూ నా పాస్‌లన్నీ, ఎన్నడూ ట్యాంకెక్కని చెవుల పాస్‌లు.

"ఈయన కాగితం మీటింగులో పెడితే రుజువైపోతుంది" అన్నారు బ్రహ్మం గారు.

అప్పలస్వామి కుర్చీ అంచుకు జరిగాడు. "వద్దు సార్. ఆ కాయితం పైకెళ్తే నా చెవులు పోనాయని రాసేస్తారు. ట్యాంకులోంచి దింపేసి స్టోరులో పడేస్తారు. నాకా పనే వచ్చు సార్, ఇంకోటి రాదు."

బ్రహ్మం గారు అతని వంక చాలాసేపు చూశారు. తనలో తాను పది రోజులుగా అనుకుంటున్న మాట ఇంకొకడి నోట వింటే మనిషి ఎలా అవుతాడో నేనప్పుడు చూశాను. హవల్దారు కాగితం తీసి అతని చేతికే ఇచ్చేశారు. "ఇది నీది. నీ దగ్గరే ఉంచు. చెవుల డాక్టరుకు మాత్రం చూపించుకో. నేను కూడా చూపించుకుంటాను."

మీటింగుకు నన్ను కూడా మోసుకెళ్లి, బల్ల మీద పెట్టి తీగలు తగిలించారు. వడపోత ఏం కోస్తోందో చూపించడానికి. భాస్కరరామం గారు మొదటి కాగితం తిరగేశారు. "ఈ అరవై ఒకటి ఎవరిది? పేరు లేదేం? ఎవరో అజాగ్రత్తగా రాసుంటారు. దీన్ని పట్టుకుని నాలుగేళ్ల డిజైను మార్చమంటారా?"

"అజాగ్రత్త కాదండి" అన్నారు బ్రహ్మం గారు. "అది నాది. చెవుల పరీక్ష ఫలితం వెనక జత చేశాను."

నా చెవిలో మైకులకు ఏసీ చప్పుడు తప్ప ఏమీ రాలేదు.

"ఎప్పటి నుంచి?" అని భాస్కరరామం గారు మెల్లగా అడిగారు.

"తెలియదు. అందుకే గత మూడేళ్లలో నేను సంతకం పెట్టినవన్నీ ఇంకొకరి చేత వినిపించాలి. జాబితా కూడా పెట్టాను."

వినిపించారు. పదకొండు రిపోర్టులు. తొమ్మిది నిలిచాయి, రెండు తప్పాయి. ఆ రెండూ ఆయనే తన చేత్తో తిరగరాసి, మొదటి పేజీలో తప్పు తనదని రాశారు. వినేవాళ్ల పట్టికలోంచి ఆయన పేరు తీసేశారు. అది అవమానంగా చేయలేదు, మర్యాదగానే చేశారు. ఆయనకు మర్యాదే ఎక్కువ నొప్పి పెట్టిందని నా అనుమానం. కొన్నాళ్లు క్యాంటీనులో ఒక్కరే కూర్చునేవారట.

రికార్డుల గదికి మాత్రం పంపలేదు. తస్లీమా వెళ్లి అడిగింది. అరిగిన చెవి ఏం పోగొట్టుకుంటుందో లోపలి నుంచి తెలిసిన ఇంజనీరు ఇంకెవరున్నారు, అని. ఇద్దరూ కలిసి ఏడాదిన్నర పనిచేశారు. పేర్లు అడక్కుండా నలభై మంది పాత జవాన్ల చెవులు కొలిచారు. వడపోత మార్చి, సన్నని ధ్వనుల్ని తుడిచేయకుండా పైకెత్తి పంపేలా చేశారు. ఈసారి హెడ్‌సెట్లు తిరిగి రాలేదు. ఉత్తరం ఒకటి వచ్చింది, అప్పలస్వామి రాసింది. డాక్టరు చూసి చెవులకు రక్షణ రాసిచ్చాడనీ, ఇంకా ట్యాంకులోనే ఉన్నాననీ, ఏడంటే ఏడే తిప్పుతున్నాననీ. బ్రహ్మం గారు దాన్ని నా ముందు రెండుసార్లు చదివారు, రెండోసారి పైకి.

ఆ పరిశోధన వల్ల ఉద్యోగం పోయింది ఒక్కడికే. అది నేను. కొత్త తల వచ్చింది. కుర్ర చెవి, నడివయసు చెవి, అరిగిన చెవి, ఏది కావాలంటే అది బిగించుకోవచ్చు. మీసం లేదు. పైగా చాలా తెలివైనదట. నా తీగలు పీకేసి, కంపెనీ ముందు హాల్లో అద్దాల బీరువాలో పెట్టారు. కింద పలక మీద 'మానవ శిరస్సు' అని రాశారు. ఇంతమంది మనుషుల మధ్య ఆ బిరుదు నాకే ఎందుకు ఇచ్చారో తెలియదు. చూడ్డానికి వచ్చేవాళ్లు నా ముందు నిలబడి అద్దంలో తమ జుట్టు సర్దుకుని వెళ్లిపోతారు.

బ్రహ్మం గారు పదవీ విరమణ చేసిన రోజు ఈ హాల్లోంచే బయటికి వెళ్లారు. మెడలో దండ, చేతిలో పూలగుత్తి. చెవి వెనక చిన్న యంత్రం, చర్మం రంగులోనే. నా ఎదురుగా బెంచీ మీద కూర్చుని చాలాసేపు నన్ను చూశారు. పెదవులు కదిలాయి. ఏమన్నారో తీగలు లేక నాకు తెలియలేదు.

ఆయన వెనక మెట్ల మీద నుంచి తస్లీమా దిగింది. నాలుగు మెట్లు ఉండగానే ఆగి, నోరు పెద్దగా తెరవకుండానే, ఏదో ఒక చిన్న మాట అంది. నాకు వినపడలేదు.

ఆయనకు వినపడింది. వెనక్కి తిరగాల్సిన పని లేకపోయింది. నవ్వి, పూలగుత్తి చంకలో పెట్టుకుని, లేచారు.