కలెక్టరుకీ చిన్నరసానికీ ఇన్సూరెన్స్

నూజివీడు బస్టాండు వెనక సందులో, మేడ మీదున్న ఇన్సూరెన్స్ ఆఫీసులో ఆ రోజు అందరూ కడుపు పట్టుకుని నవ్వారు. నవ్వరూ మరి? రెడ్డిగూడెం నుంచి బస్సులో, ఒళ్ళో మామిడికాయల బుట్ట పెట్టుకుని, దాని మీద పాత చీరముక్క కట్టి తెచ్చింది రిబ్కమ్మ. కాయలు అమ్మడానికి వచ్చిందనుకుని ఒకాయన రసాలు డజను ఎంత అని కూడా అడిగాడు. గుడ్డ తీస్తే లోపల రెండు పిల్లికూనలు. వీటికి ఇన్సూరెన్స్ చెయ్యాలి అందావిడ, గేదెకి చెయ్యమన్నంత మామూలుగా.

ఏజెంటు శ్యామ్ సుందర్ వాళ్ళ ఊరివాడే. చిన్నప్పుడు సండే స్కూల్లో ఆవిడ దగ్గర వాక్యాలు వల్లించినవాడు, అందుకే ఇప్పటికీ పిన్నీ అంటాడు. నవ్వాపుకుంటూ పశువుల ఫారం బయటికి తీశాడు. ఆ ఆఫీసులో నోరులేని జీవాలకంటూ ఉన్నది అదొక్కటే. ఆవా, గేదా? చూడిదా, ఈనిందా? చెవికి కొట్టిన పసుపు బిళ్ళ మీద నంబరెంత? పాడికా, దుక్కికా? అన్నీ చదువుకుంటూ పోయి, రోజుకి ఎన్ని లీటర్లు అన్న గడి దగ్గర పెన్ను ఆపి, ఏం రాయమంటావు పిన్నీ అన్నాడు.

"ఇవ్వవు. రోజుకి పావు లీటరు తాగుతాయి. రాసుకో."

మళ్ళీ అందరూ నవ్వారు. రిబ్కమ్మ మాత్రం నవ్వలేదు. ఆవిడ మొహం చూశాక శ్యామ్ సుందర్‌కి కూడా నవ్వు పోయింది, ఎందుకంటే పండు సంగతి వాడికి తెలుసు.

పండంటే ఆవిడ మొదటి పిల్లి. రిబ్కమ్మకి యాభై ఆరేళ్ళు. మొగుడు పోయి తొమ్మిదేళ్ళయింది, పిల్లలు లేరు. మామిడి సీజను మూడు నెలలూ బసవపున్నారావు గారి షెడ్డులో కాయలు ఏరుతుంది. మచ్చకాయ ఓ పక్క, ఊళ్ళో అమ్మే కాయ ఓ పక్క, దూరం వెళ్ళే కాయ ఓ పక్క, మధ్యలో వరిగడ్డి. ఆ గడ్డిలో ఎలకలు చేరకుండా ఆరేళ్ళు కాపలా కాసింది పండు. పొద్దున ఆవిడ వెనకే షెడ్డుకి వచ్చేది, సాయంత్రం ఆవిడ వెనకే ఇంటికి వెళ్ళేది. నిరుడు ఈస్టరు ముందు శ్రమదినాల్లో ట్రాక్టరు వెనక్కి తీస్తుంటే దాని నడుం మీదికి చక్రం వచ్చింది.

అదే బుట్టలో వేసుకుని రిబ్కమ్మ బెజవాడ పరిగెత్తింది. అక్కడ జంతువుల ఆసుపత్రిలో ఫొటో తీసి, ఆపరేషన్ చేస్తే బతుకుతుంది, పద్దెనిమిది వేలవుతుంది అన్నారు. ఆవిడ కొంగుముడిలో ఉన్నవి రెండు వేల రెండొందలు. పిల్లిని అక్కడే ఉంచి, మిగతావి పట్టుకొస్తానని వెనక్కి వచ్చి, రెండు రోజులు గడప గడపా తొక్కింది. పిల్లికా అని కొందరు, చూద్దాంలే అని కొందరు. మూడోరోజు పొద్దున తొమ్మిది వేలతో ఆసుపత్రికి వెళ్తే, పండుని గోనెసంచిలో చుట్టి చేతికిచ్చారు. ఏడుస్తుంటే అక్కడి కాంపౌండరు ఓదార్పుగానే అన్నాడు, నాటుపిల్లే కదమ్మా, ఇంకోటి దొరుకుతుంది అని.

ఆ మాట రిబ్కమ్మకి ముల్లై దిగింది. ఏడాదిపాటు దిగే ఉంది. చెడ్డ మాట కాదు, తిట్టూ కాదు. అందుకే ఎవరితోనూ పోట్లాడి తీర్చుకోవడానికి కూడా లేకపోయింది.

మొన్న ఏప్రిల్‌లో షెడ్డు గడ్డిలో ఈ రెండు కూనలూ దొరికాయి. తల్లి ఏమైందో తెలీదు. వద్దు వద్దనుకుంటూనే ఇంటికి తెచ్చుకుంది. ముక్కు కాస్త ముందుకొచ్చినదానికి కొన తేలిన కలెక్టరు మామిడికాయని తలుచుకుని కలెక్టరని, పిడికెడంత ఉన్న పసుపుపచ్చదానికి చిన్నరసమని పేర్లు పెట్టింది. పెట్టిన రోజే తీర్మానించుకుంది. ఈసారి కాలు విరిగాక డబ్బుకి పరిగెత్తేది లేదు, విరక్కముందే డబ్బు సిద్ధంగా ఉండాలి. పున్నారావు గారి గేదెలకి ఇన్సూరెన్సుంది, ట్రాక్టరుకుంది, తోటకుంది. తన పిల్లులకి ఎందుకుండకూడదు? ఈ మాట షెడ్డులో అంటే పున్నారావు గారు పడీపడీ నవ్వి, రేపు చీమలకి కూడా చేయిస్తావా రిబ్కమ్మా అన్నారు. ఆయన మంచాయనే. మంచివాళ్ళ నవ్వుకి మాత్రం మంట ఉండదా ఏంటి.

శ్యామ్ సుందర్ వారం రోజులు ఫోన్లు చేశాడు. ఒక కంపెనీ జాతి పిల్లులకే చేస్తామంది, తాతముత్తాతల కాగితాలు కావాలంది. ఇంకో కంపెనీ అడిగిన ప్రీమియానికి పాలిచ్చే మేకే వస్తుంది. మూడోది మాత్రం నాటుపిల్లికైనా సరేనంది. రెండింటికీ కలిపి ఏడాదికి వెయ్యి లోపే. టీకాల పుస్తకం, ఫొటోలు చాలు. కాకపోతే కొన్నట్టు రసీదుండాలి. ఆ రసీదులో ధర ఎంతుంటే దానికి మూడింతల వరకు, రెండింట్లో దేనికైనా వైద్యం ఖర్చు ఇస్తారు. టీకాలు ఊళ్ళో పశువుల డాక్టరు గారు వేశారు, ఫొటోలు శ్యామ్ సుందరే తీశాడు. గడ్డిలో దొరికిన పిల్లికి రసీదు ఎవడిస్తాడు?

దొంగ రసీదు రాయించుకోమని సలహా ఇచ్చినవాళ్ళున్నారు. ఛీ అంది రిబ్కమ్మ. అప్పుడే ఆవిడకి కోతల పండుగ గుర్తొచ్చింది. వాళ్ళ చర్చిలో మామిడి కోతలు అయ్యాక జూన్‌లో ఒక ఆదివారం కానుకలు పెడతారు. కోళ్ళు, గుమ్మడికాయలు, కాయల బుట్టలు, ఎవరి కష్టంలోంచి వాళ్ళు తెచ్చి బల్ల ముందు పెడితే, ఆరాధన అయ్యాక వేలం వేస్తారు. పాడుకున్నవాళ్ళకి చర్చి సంఘం ముద్రతో రసీదిస్తారు, డబ్బు క్రిస్మస్ లోపల కట్టుకోవచ్చు. ఆ రసీదు చెల్లుతుందా అని శ్యామ్ సుందర్ కంపెనీవాళ్ళని అడిగితే, రిజిస్టరైన సంఘమైతే చెల్లుతుందన్నారు. ఇంకేం, కూనల్ని తనే కానుక పెడుతుంది, ఐదొందలకి తనే పాడుకుంటుంది, ఇబ్బంది లేకుండా కట్టగలిగేది అంతే. ఒంటరి మనిషి పెట్టినదాన్ని ఆ మనిషే అడిగితే పోటీకి ఎవరూ రారు, అది వాళ్ళ చర్చిలో మర్యాద.

అక్కడే పప్పులో కాలేసింది. నిరుడు ఒక కోడిగుడ్డు పదకొండొందలు పలికిందన్న సంగతి మర్చిపోయింది. నవ్వొచ్చే వస్తువు కనబడితే వాళ్ళ సంఘం మర్యాదలన్నీ గాలికొదిలేసి పోటీపడి పాడుతుంది, దేవుడి సొమ్మేగా అని. పైగా బల్ల ముందు పెట్టింది ఏదైనా దేవుడిదే, వెనక్కి తీసుకునేది లేదు.

ఆ ఆదివారం గుమ్మడికాయల మధ్య పిల్లుల బుట్ట చూసి పాస్టరు గారు కళ్ళద్దాలు సర్దుకున్నారు. కోశాధికారి నతానియేలు వచ్చి, కోళ్ళంటే సరే, పిల్లులేంటమ్మా అని గునిశాడు. కోడిని చేసిన చేత్తోనే దేవుడు పిల్లినీ చేశాడు కదండీ అంది రిబ్కమ్మ. పాస్టరు గారు ఉండనివ్వమన్నారు.

వేలానికి ఏటా వచ్చినట్టే పున్నారావు గారూ వచ్చారు. ఆయన చర్చికి చెందినవాడు కాదు, కానీ తన షెడ్డులో పనిచేసేవాళ్ళ పండుగని ఏదో ఒకటి పాడుకుని వెళ్తారు. కోళ్ళు పోయాయి, కాయలు పోయాయి. నతానియేలు పిల్లుల బుట్ట ఎత్తగానే చర్చంతా గొల్లుమంది. రిబ్కమ్మ ఐదొందలు అంది. వెనకనుంచి ఎవరో ఏడొందలన్నారు. ఆవిడ వెయ్యి అంది. పున్నారావు గారు మీసం దువ్వుకుంటూ పదిహేనొందలన్నారు. రెండు వేలంది. ఆయన రెండున్నర అన్నారు.

ఇప్పుడు ఆవిడకి భయం పట్టుకుంది. రసీదు సంగతి దేవుడెరుగు, కూనలే పోయేలా ఉన్నాయి. బుట్టలోంచి కలెక్టరు తల బయటపెట్టి ఆవిడనే చూస్తోంది. వెళ్ళి బుట్ట లాక్కుందామంటే వీల్లేదు, ఇవి నావని అరుద్దామంటే తనే కదా పెట్టింది. నా అంత తెలివితక్కువది ఈ భూమ్మీద ఉంటుందా అని తనని తాను తిట్టుకుంది. నతానియేలు ఒకటోసారి అన్నాడు, రెండోసారి అన్నాడు. మూడోసారి అనకముందే ఆవిడ మూడు వేలంది.

పున్నారావు గారు ఆశ్చర్యంగా వెనక్కి తిరిగారు. ఇంత దూరం వస్తుందనుకోలేదాయన. ఇదంతా ఆటే కదా అన్నట్టు నవ్వుతూనే అన్నారు.

"నాటుపిల్లులకి మూడు వేలేంటి రిబ్కమ్మా? ఇంకోటి దొరకదా నీకు?"

ముల్లు కదిలింది. ఏడాదిగా ఎవరి మీద చూపించాలో తెలియని కోపమంతా ఒక్కసారి కాళ్ళలోకి వచ్చి ఆవిడని లేపి నిలబెట్టింది. మూడింతలంటే ఎంతో ఆవిడ లెక్క కట్టుకుంది. ఆరు మూళ్ళు పద్దెనిమిది.

"దొరకదండీ," అంది. "ఆరు వేలు."

నతానియేలు చేతిలో బుట్ట అలాగే ఉండిపోయింది. తన పాట మీద తనే రెట్టింపు పాడినవాళ్ళని ఆ చర్చిలో ఇంతవరకు ఎవరూ చూడలేదు.

"నిరుడు నా పండు ప్రాణానికి పద్దెనిమిది వేలు అడిగారు. ఈ ఊళ్ళో ప్రతి గడపా తొక్కాను. మీ గడప కూడా తొక్కానండీ పున్నారావు గారూ, చూద్దాంలే అన్నారు. ఈసారి నేను ఎవరి గడపా తొక్కను. పాడతారా, పాడండి. షెడ్డులో వచ్చే ఏడు కూలి కూడా ఇక్కడే పెట్టి పాడతాను."

ఎవరూ పాడలేదు. పున్నారావు గారు కండువా సర్దుకుని కూర్చున్నారు. ఆయనకి నిరుడు ఆ మాట అన్నట్టు గుర్తు కూడా లేదని మొహం చూస్తేనే తెలిసింది. మూడోసారి అన్నాడు నతానియేలు, చాలా మెల్లిగా.

సోమవారం రిబ్కమ్మ మళ్ళీ నూజివీడు బస్సెక్కింది. ఆరు వేలు క్రిస్మస్ లోపల కట్టాలి. అందుకని ఆ ఏటికి కొత్త చీర లేదు, ఇంటి పైకప్పుకి కొత్త రేకు లేదు. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు. అంటే జాలిపడతారు, జాలి అక్కర్లేదు ఆవిడకి. మేడ మెట్లెక్కి ముద్ర వేసిన రసీదు బల్ల మీద పెట్టింది. రసాలు డజను ఎంతని అడిగినాయన తలెత్తి చూసి, కుర్చీ జరిపి కూర్చోమన్నాడు.

శ్యామ్ సుందర్ కంపెనీ పంపిన ఫారం తీసి నింపుతూ వచ్చాడు. పేరు, కలెక్టరు. పేరు, చిన్నరసం. జాతి, నాటు. ధర, ఆరు వేలు. అన్నీ అయ్యాయి పిన్నీ, అడుగున ఇతర వివరాలు అని ఒక గడి ఉంది, అది వదిలేసినా పర్లేదు అన్నాడు.

"వదలకు. రాయి."

"ఏం రాయను?"

"ఇంకోటి దొరకదు అని రాయి."

వాడు ఆవిడ వంక చూశాడు. పెన్ను ఇంకోసారి విదిలించి, గుండ్రటి అక్షరాలతో, గడి నిండా రాశాడు.