గొంతులోకి గొట్టం

వేలమంది గొంతుల్లోకి గొట్టం దింపిన డాక్టర్ జ్ఞానప్రసూనకి ఆ ఆదివారం మధ్యాహ్నం గొట్టం అన్న మాట వినగానే కాళ్ళూ చేతులూ చల్లబడ్డాయి. ముప్పై ఏళ్ళు టెక్సాస్‌లో మత్తు డాక్టరుగా పనిచేసి రిటైరైన మనిషి. బల్ల మీద పడుకున్నవాడికి మత్తిచ్చి, నోరు తెరిచి, ఊపిరి ఆడడానికి గొంతులోకి గొట్టం పంపడం ఆవిడకి కాఫీ కలుపుకున్నంత తేలిక. కానీ ఈసారి బల్ల ఎక్కబోతున్నది ఆవిడ ఒక్కగానొక్క కొడుకు అర్జున్. అర్జున్ ఒపేరా గాయకుడు, అంటే మాటలన్నీ పాటలుగానే నడిచే పాశ్చాత్య నాటకాల్లో పాడేవాడు. ఆ గొంతు తప్ప అతనికి వేరే బతుకుదెరువు లేదు.

తెలుగువాళ్ళ పిల్లాడికి ఒపేరా ఏమిటని వాళ్ళుండే ఇర్వింగ్ ఊళ్ళో అడగని అంకుల్ లేడు. డాక్టరు కాలేదు సరే, కనీసం ఇంజనీరన్నా కాలేదేమని జాలిపడని ఆంటీ లేదు. హైస్కూల్ కోరస్‌లో ఆఖరి వరసలో నిలబడ్డ పిల్లాణ్ణి టీచరు పిలిచి, నీది టెనర్ గొంతు, మగవాళ్ళలో అంత పైకి వెళ్ళే గొంతు అందరికీ రాదు అని చెప్పింది. అంతే, ఇక వేరే చదువు తలకెక్కలేదు. యూనివర్సిటీలో సంగీతం చదివాడు. తర్వాత పదేళ్ళు ఊరూరా తిరిగాడు. కోట కాపలావాడిగా రెండు ముక్కలు పాడాడు, వార్త తెచ్చిన దూతగా నాలుగు ముక్కలు పాడాడు, పెళ్ళి విందులో మూడో అతిథిగా గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు. ఆ పైన కవర్ అయ్యాడు. కవర్ అంటే హీరోకి జలుబు చేస్తే పాడడానికి పాట మొత్తం నేర్చుకుని పక్క గదిలో కూర్చునేవాడు. ఆ హీరోలకి ఎప్పుడూ జలుబు చెయ్యలేదు. చివరికి 2009 చలికాలంలో, చికాగోకి దగ్గరి ఒక ఊళ్ళో, ముప్పై నాలుగో ఏట అతనికి హీరో వేషం వచ్చింది. పోస్టర్ మీద పేరు పడింది. ప్రదర్శనకి ఇంకా రెండు నెలలుంది కదా, అమ్మ దగ్గర ఉండి సాధన చేసుకుందామని ఇర్వింగ్ వచ్చాడు. వచ్చిన వారానికే కడుపునొప్పి.

కొడుకు పాట అంటే ప్రసూనకి ప్రాణం, అంతకు రెండింతలు భయం. మైకు లేకుండా అంత పెద్ద ఆర్కెస్ట్రాని దాటించి, ఆఖరి బాల్కనీలో ఉన్న ముసలమ్మకి కూడా వినపడేలా పాడాలి. అంత మోతా పుట్టేది గొంతులో బొటనవేలి గోరంత పొడవున్న రెండు తెల్లటి పొరల్లోంచి. మిగతా తల్లులు కొడుకు మొహం చూస్తారు. ఈవిడకి మాత్రం ఆ పొరలే కళ్ళముందు ఆడతాయి. అతను రెండు ముక్కలు పాడిన రోజుల్లో కూడా విమానం ఎక్కి వెళ్ళి, చీకట్లో వెనక ఎక్కడో కూర్చుని, తెర పడేదాకా ప్రాణాలు అరచేతిలో పెట్టుకునేది. తన భయం వాడికి తెలియకూడదని ముందు వరస టికెట్ ఎప్పుడూ కొనలేదు.

ఇప్పుడు అత్యవసర విభాగంలో తెర కట్టిన మంచం మీద అర్జున్ ముడుచుకుని పడున్నాడు. సర్జన్, పొడవాటి అమెరికన్, మాటల్ని అట్టే సాగదీసే రకం కాదు. అపెండిక్స్ పగలడానికి సిద్ధంగా ఉందనీ, వెంటనే తీసెయ్యాలనీ చెప్పాడు. అర్జున్ సంతకం చెయ్యలేదు.

"నో ట్యూబ్," అన్నాడు. "అమ్మా, నువ్వు చెప్పు. నడుంలో షాట్ ఇచ్చి కిందంతా నంబ్ చేస్తారు కదా? అలా చెయ్యమను."

"దీనికి అలా కుదరదు నాన్నా. కెమెరా పంపడానికి పొట్టలోకి గాలి నింపాలి. పైగా పొద్దున పెసరట్లు తిన్నావు. మత్తులో వాంతయి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం. ట్యూబ్ తప్పదు."

ఆ మాట అనడం అయితే అంది గాని, పెసరట్లు తలుచుకుంటే తనని తనే తిట్టుకోవాలనిపించింది. వాడు వద్దంటున్నా మూడోది తనే వేసింది. కడుపు నిండుగా ఉన్నవాడికి గొట్టం నింపాదిగా దింపే వీలుండదు. మత్తెక్కిన నిమిషంలోపే లోపలికి పోవాలి. తొందరలో ఆ గొట్టం కొస పొరకి ఎక్కడ గీసుకున్నా, మామూలు మనిషికి వారం రోజులు గొంతు బొంగురు పోతుంది, అంతటితో సరి. టెనర్‌కి అలా కాదు. అర్జున్‌తో కలిసి పాడిన ఒక స్నేహితుడు పిత్తాశయం ఆపరేషన్ చేయించుకుని బయటపడ్డాడు గాని మళ్ళీ స్టేజి ఎక్కలేదు. ఇప్పుడు ఇళ్ళు అమ్మిపెడుతున్నాడు.

"అయితే నువ్వే చెయ్యి," అన్నాడు అర్జున్. "నువ్వు చేస్తే ఐ విల్ సైన్."

"నేను రిటైరయ్యాను. పైగా సొంత మనుషులకి చెయ్యనివ్వరు."

చెయ్యనిచ్చినా చెయ్యలేనని ఆవిడకి తెలుసు. చేతులు వెనక్కి పెట్టుకుని ఒకదానితో ఒకటి గట్టిగా పట్టుకుంది. రెండూ వణుకుతున్నాయి.

అప్పుడే తెర తొలగించుకుని ఆ రోజు డ్యూటీలో ఉన్న మత్తు డాక్టరు లోపలికొచ్చింది. సన్నగా, పొట్టిగా, తలకి నీలం టోపీ. ప్రసూనని చూసి అక్కడే ఆగిపోయింది.

"మేడమ్," అంది.

దేదీప్య. గుంటూరులో ఎంబీబీఎస్ చదివి వచ్చి, ప్రసూన చేతికింద శిక్షణ పొందిన అమ్మాయి. తెలివైనదే. కానీ శిక్షణలో చేరిన కొత్తలో ఒక రోగికి గొట్టం దింపుతూ అతని ముందుపన్ను విరగ్గొట్టింది. ప్రసూన అందరిముందూ తెలుగులో, ఇంగ్లీషులో కలిపి దులిపేసింది. "ఈ చేతులు చపాతీల పిండికి పనికొస్తాయి, గొంతులకి కాదు" అంది. నోటికి ఏదొస్తే అది అనెయ్యడం ప్రసూనకి పుట్టుకతో వచ్చిన విద్య. అంతటితో ఆగినా బాగుండేది. మళ్ళీ తప్పు చెయ్యకూడదని ఆ పిల్ల గొట్టం పట్టుకున్నప్పుడల్లా వెళ్ళి భుజం పక్కన నిలబడేది. ఈవిడ నిలబడితే చాలు, ఆ పిల్ల చేతిలోని పరికరం రోగి పళ్ళకి తగిలి టకటకలాడేది. ఈవిడ లేనప్పుడు చక్కగా చేస్తుందని మిగతావాళ్ళు చెప్పేవారు. ప్రసూన నమ్మేది కాదు. ఎలా నమ్ముతుంది, ఆవిడ ఒక్కసారీ చూడలేదు కదా.

ఇప్పుడు కూడా దేదీప్య చేతిలోని కాగితాలు అల్లల్లాడుతున్నాయి. ప్రసూన చూపు ఆ చేతుల మీదే నిలిచిపోయింది. వేరే డాక్టర్ని అడుగుదామా? ఇంకొకాయన యాక్సిడెంట్ కేసులో ఉన్నాడట, ఎప్పుడు బయటికొస్తాడో తెలియదట. అపెండిక్స్ ఆగదు.

అర్జున్ తల్లి మొహం చూశాడు. "అమ్మా, ఈమె తెలుసా నీకు? ఈజ్ షీ గుడ్?"

దేదీప్యకి తెలుగు వస్తుందని వాడికి తట్టలేదు. ఆ అమ్మాయి తలవంచుకుని కాగితాలు చూస్తోంది. బాగాలేదంటే వాడు సంతకం చెయ్యడు, కాసేపట్లో కడుపంతా విషమవుతుంది. బాగుందంటే, తను నమ్మని చేతికి తన కొడుకు గొంతు అప్పజెప్పినట్టే. ప్రసూన మంచం అంచు పట్టుకుని కొడుకు వైపు వంగింది.

"అర్జున్, నాకు చచ్చేంత భయంగా ఉంది," అంది. "గొంతు గురించి కూడా ఉంది, లేదనను. కానీ నువ్వు పోతావేమోనన్న భయం ముందు అది ఎంత? ఈ అమ్మాయి నా దగ్గరే నేర్చుకుంది. మంచి చెయ్యి. సంతకం పెట్టు."

అర్జున్ సంతకం పెట్టాడు. దేదీప్య తలెత్తి ప్రసూన వంక ఒకసారి చూసి, గబగబా బయటికి వెళ్ళిపోయింది.

ప్రసూన వెనకే వెళ్ళింది. కారిడార్‌లో సర్జన్ ఎదురై, పెద్ద డాక్టరు గారు కావాలంటే గొట్టం వేసేదాకా లోపల ఒక పక్కన నిలబడవచ్చు, నాకేమీ అభ్యంతరం లేదన్నాడు. మర్యాద కొద్దీ అన్నాడు పాపం. ప్రసూనకి ప్రాణం లేచొచ్చింది. తను పక్కనుంటే చాలు, గొట్టం ఏ వంపులో తిప్పాలో చెబుతుంది, ఎక్కడ ఆగాలో చెబుతుంది. టోపీ కోసం చెయ్యి కూడా చాచింది.

"మేడమ్, లోపలికి వస్తున్నారా?" అంది దేదీప్య.

ప్రసూన చాచిన చెయ్యి ఆగింది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అడగనిది అడిగింది. "నేను వస్తే నీ చెయ్యి వణుకుతుందా?"

దేదీప్య అటూ ఇటూ చూసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "వణుకుతుంది మేడమ్."

కాదంటుందని ఆశపడ్డ ప్రసూనకి లోపల ఎక్కడో కలుక్కుమంది. అయినా ఆ పిల్ల నిజం చెప్పినందుకు లోలోపల దణ్ణం పెట్టుకుంది. చెప్పాల్సినవి నోటినిండా ఉన్నాయి. చిన్న సైజు గొట్టం తీసుకో. కెమెరా ఉన్న పరికరం పట్టుకో. కండరాలు పూర్తిగా వదులయ్యేదాకా తాకకు. ఒక్కొక్కటే మింగేసింది. మింగడం అంత కష్టమని ఆవిడకి అప్పుడే తెలిసింది.

"అయితే నేను రాను. నువ్వు వెళ్ళు."

వెయిటింగ్ రూమ్‌లో టీవీలో ఫుట్‌బాల్ ఆట నడుస్తోంది. ఎవరో పాయింట్లు కొట్టినట్టున్నారు, అందరూ అరిచారు. ప్రసూన ఉలిక్కిపడి లేచి నిలబడి, మళ్ళీ కూర్చుంది. లోపల ఏం జరుగుతోందో ఆవిడకి అడుగడుగూ తెలుసు. ఇప్పుడు మత్తు ఎక్కుతుంది. ఇప్పుడు దవడ వదులవుతుంది. ఇప్పుడు ఆ రెండు తెల్లటి పొరలు కనిపిస్తాయి. ఏమీ తెలియని తల్లి అయితే దేవుడి పేరు చెప్పుకుని కూర్చునేది. తెలిసినదానికి ఆ సుఖం కూడా లేదు. భర్త రామమోహనరావు బతికి ఉంటే ఆయన మీద విసుక్కుంటూ కాలం గడిపేది. ఆయన పోయి ఆరేళ్ళయింది. పక్క కుర్చీలో పెద్దాయన చిప్స్ నమిలే చప్పుడు భరించలేక లేచి ఇంకో కుర్చీలోకి మారింది.

చాలాసేపటికి దేదీప్య బయటికొచ్చింది. టోపీ కింద జుట్టంతా చెమట.

"బాగానే ఉన్నాడు మేడమ్. కెమెరా స్కోప్ తీసుకున్నాను, చిన్న ట్యూబ్ వేశాను. ఒక్కసారికే వెళ్ళింది."

"గీసుకుందా?"

"నాకైతే అనిపించలేదు మేడమ్. కానీ గొంతు సంగతి ఇప్పుడే ఏం చెప్పలేం కదా."

చెప్పలేమని ప్రసూనకి తెలియదా? అయినా ఆ అమ్మాయి చేతులు రెండూ పట్టుకుంది. అవి వెచ్చగా, నిబ్బరంగా ఉన్నాయి. సంతోషించాల్సింది పోయి సిగ్గుపడింది.

అర్జున్‌కి మెలకువ రాగానే ఏదో అనబోయాడు. ప్రసూన చప్పున వాడి నోరు మూసేసింది. తర్వాత వారమంతా ఇంట్లో మౌనవ్రతం. ఏం కావాలన్నా ఫోన్ మీద టైప్ చేసి చూపించేవాడు. ఆ తర్వాత మాట వచ్చింది గాని బొంగురుగా వచ్చింది. రోజురోజుకీ నయమవుతోందని ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకున్నారు, ఒకరినొకరు నమ్మలేదు. మాట వేరు, పాట వేరు. కుట్లు మానితే గాని పొట్ట బిగించి ఊపిరి పట్టడం కుదరదు, ఊపిరి పట్టకుండా తారస్థాయి అందదు. కుట్లు మానాయని సర్జన్ చెప్పిన మర్నాడు పొద్దున అర్జున్ పియానో మూత తెరిచాడు.

ప్రసూన చెప్పులేసుకుంది.

"ఎక్కడికి?" అన్నాడు.

"కొత్తిమీర అయిపోయింది."

కొత్తిమీర ఫ్రిజ్ నిండా ఉంది. తను పక్కనుంటే మంచి చెయ్యి కూడా వణికిపోతుందని హాస్పిటల్‌లో కళ్ళారా చూసొచ్చింది. ఇక గొంతు ఎంత? ఇన్నేళ్ళూ తన భయం వాడికి ఎంత అంటించిందో, అందుకే ఆ పదేళ్ళు కాపలావాడిగా, దూతగా మిగిలిపోయాడేమో అని రాత్రుళ్ళు కుమిలిపోయింది. ఇండియన్ స్టోర్ ముందు కారు ఆపుకుని, ఇంజన్ కట్టేసి, స్టీరింగ్ పట్టుకుని కూర్చుంది. ఈపాటికి పాడి ఉంటాడు. ఈపాటికి తెలిసిపోయి ఉంటుంది. ఫోన్ మోగితే రెండుసార్లు జారవిడిచి ఎత్తింది.

"అమ్మా, ఇంటికి రా."

"ఏమైంది నాన్నా? రాలేదా? పలకలేదా?"

"పాడలేదు. నోరు తెరిచా, మూసేశా. నాకు భయం వేస్తుంది అమ్మా."

"నేనుంటే ఇంకా భయమేస్తుంది రా. నా భయం నీకు అంటుకుంటుంది. అందుకే వచ్చేశాను."

"నో, నో. నువ్వు బ్యాక్‌లో కూచుంటావు కదా, డార్క్‌లో. నాకు కనిపిస్తావు. ప్రతిసారీ. నువ్వు నాకంటే ఎక్కువ స్కేర్డ్‌గా ఉంటావు. అప్పుడు నేను అనుకుంటా, ఓకే, భయపడే పని అమ్మ చేస్తోంది, నేను పాడే పని చేస్తా అని. ఇవాళ రెండూ నేనే చెయ్యాల్సొస్తోంది. ఐ కాంట్. ప్లీజ్ రా."

ప్రసూన కారు ఎలా నడిపిందో ఆవిడకే గుర్తులేదు. చెప్పులతోనే హాల్లోకి వచ్చింది. అర్జున్ పియానో పక్కన నిలబడి ఉన్నాడు, మొహం పాలిపోయి ఉంది. ఎదురుగా సోఫాలో, ఎక్కడా దాక్కోకుండా కూర్చుంది.

అతను కింది స్వరాలతో మొదలుపెట్టాడు. మొదటిది గరగరమంది. రెండోది కొంచెం నయం. ఒక్కొక్క మెట్టూ ఎక్కుతూ, తారస్థాయికి ఒక మెట్టు కింద ఆగి తల్లి వైపు చూశాడు.

"రెడీయా అమ్మా?"

"లేదురా," అంది ప్రసూన. పళ్ళు టకటకలాడుతున్నాయి.

"గుడ్," అని ఊపిరి పీల్చుకుని పైకి వెళ్ళాడు.

స్వరం నిండుగా వచ్చింది. విరగలేదు, చీలలేదు, కిటికీ అద్దం సన్నగా అదిరేదాకా నిలిచింది. అతను నవ్వుతూ మళ్ళీ అందుకున్నాడు. ఆవిడ వణుకు మాత్రం సాయంత్రం దాకా తగ్గలేదు.