సగం టీచరు

లంచ్ బాక్సులకు మూతలు పెడుతూ ఆమె ఆ ఉదయం మూడోసారి మొదలుపెట్టింది. "ఏమండీ, వచ్చే వారం నేను మూడు రోజులు..."

"నా నీలం చొక్కా ఇస్త్రీ అయిందా?" అన్నాడు భర్త.

"తలుపు వెనక తగిలించాను. వచ్చే వారం నేను..."

"అమ్మాయ్, నా కళ్ళజోడు ఎక్కడ పెట్టావ్?" అంటూ పక్క గదిలోంచి అత్తగారు. ఆవిడ కళ్ళజోడు ఎప్పుడూ ఆవిడ నెత్తి మీదే ఉంటుంది. వెళ్ళి చూపించి వచ్చేసరికి భర్త బూట్లు వేసుకుంటూ, "ఏదో అంటున్నావ్?" అని, జవాబు కోసం ఆగకుండా గుమ్మం దాటేశాడు.

పెళ్ళయి పద్నాలుగేళ్ళయింది. ఆ ఇంట్లో ఆమెను చివరిదాకా చెప్పనిచ్చిన మాటలు రెండే. ఒకటి "వంటయింది", రెండోది "వస్తున్నా". మన భాషతో వచ్చిన చిక్కేమిటంటే క్రియ చివర్లో వస్తుంది. మధ్యలో ఎవరైనా అడ్డుపడితే ఎవరు, ఎప్పుడు, ఎన్నాళ్ళు అన్నీ బయటికొస్తాయి, ఏం చేస్తుందో మాత్రం గొంతులోనే ఉండిపోతుంది. మొదట్లో దానికి ఏడ్చేది కూడా.

ఏడుపు మానేసింది తను పాఠాలు చెప్పే బళ్ళోనే. రెండేళ్ళ కిందట ఎనిమిదో తరగతిని "మా అమ్మ" గురించి రాయమంటే నలభై మందీ అచ్చు గుద్దినట్టు "మా అమ్మ చాలా మంచిది" అని రాసిచ్చారు. ఒళ్ళు మండి, ఆ పొద్దున ఇంట్లో తెగిపోయిన తన మాటనే బోర్డు మీద రాసేసింది: "చిన్నప్పుడు ఒకసారి నాకు భలే కోపమొచ్చి..." మిగతాది మీరే పూర్తి చేయండర్రా అంది. క్లాసంతా కాసేపు బిక్కమొహం వేసింది. ఆ తర్వాత ఎవరూ తలెత్తలేదు! కాగితాల మీద ఒకడు గోడ దూకి పారిపోయాడు, ఒకమ్మాయి అన్నయ్య సైకిలు గాలి తీసేసింది, ఎన్నడూ నోరు విప్పని వెనక బెంచీ పిల్ల నాలుగు పేజీలు నింపి ఇంకో కాగితం అడిగింది. అప్పటినుంచి ఇంట్లో ఎవరు మాట తుంచినా ఆమెకు లోపల్లోపల సంబరమే, మర్నాటి పాఠం దొరికిందని. పిల్లలు ఆమెకు "సగం టీచరు" అని పేరు పెట్టుకున్నారు. ఆమెకు తెలియదనుకుంటున్నారు పాపం.

ఈ సంగతి ఆ నోటా ఈ నోటా పాకి, వేరే ఊళ్ళో టీచర్లకు ఈ పద్ధతి మూడు రోజులపాటు నేర్పమని పిలుపు వచ్చింది. ఉత్తరం మూడుసార్లు చదువుకుంది, అంత సంతోషం! ఇవాళే జవాబివ్వాలి. "ఇంట్లో అడిగి చెప్పండమ్మా," అన్నాడు హెడ్‌మాస్టరు. కిందటి నెల ఆయన ఇలాంటి పనికే ఊరెళ్ళినప్పుడు ఎవరినడిగాడో మరి.

అప్పటి ఆ పిల్లలు ఇప్పుడు పదో తరగతి. ఆ రోజు వాళ్ళ బోర్డు మీద ఆమె రాసింది: "వచ్చే వారం నేను మూడు రోజులు..."

వెనక బెంచీ పిల్ల చెయ్యెత్తింది. "టీచర్, చివర్లో 'వెళ్తాను' అని రాయాలా, 'వెళ్ళనా' అని రాయాలా?"

"నీకేం తేడా కనబడిందే?"

"'వెళ్ళనా' అంటే అది సగమే కదా టీచర్. మిగతా సగం వేరేవాళ్ళు చెప్పాలి."

ఆమె వెనక్కి తిరిగి బోర్డు మీది మాట మళ్ళీ చదువుకుంది. ఇన్నాళ్ళూ తన మాట వాళ్ళు తుంచేస్తున్నారనుకుంది. ఈ మూడు రోజుల మాటను మాత్రం మనసులో చివర "వెళ్ళనా" పెట్టుకుని తనే సగం చేసుకుంది. నవ్వొచ్చింది, ఆపుకోలేనంత నవ్వు. టీచరెందుకు నవ్వుతోందో తెలియకపోయినా పిల్లలూ నవ్వేశారు. గంట కొట్టగానే వెళ్ళి హెడ్‌మాస్టరు బల్ల మీద జవాబు పెట్టింది.

"ఇంట్లో అడిగారా?"

"ఇంట్లో చెప్తానండీ."

సాయంత్రం టీ కప్పులు అందించి, భర్త ఎదురుగా నిలబడింది. మామూలుగా మొదలుపెడితే ఏమవుతుందో తెలుసు. అందుకే చివర రావాల్సినదాన్ని ముందుకు తెచ్చేసింది.

"వెళ్తున్నాను."

కప్పు పెదవుల దాకా వెళ్ళి ఆగింది. పక్క గదిలో టీవీ నోరు మూసుకుంది. అత్తగారు నెత్తి మీది కళ్ళజోడు తనంతట తనే దింపుకుని కళ్ళకు పెట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"ఎక్కడికి? ఎప్పుడు? ఎన్నాళ్ళు?" అన్నాడు భర్త.

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. మిగతా సగం చెప్పేముందు, వేడివేడిగా ఉన్న తన టీ తీరిగ్గా తాగింది.